అమ్మకు మిగిలిన మాట

మా ఇంట్లో ముందు గది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. మధ్యలో తలుపు లేదు, నాన్న కుట్టిన పరదా ఉంటుంది. నాన్న దర్జీ. ఆయన కుట్టిన చొక్కాలకు అమ్మ కాజాలు కుట్టి గుండీలు వేసేది. గుండీ దూరే కన్నం చుట్టూ దారంతో గట్టిగా అల్లే పని అది. అందుకే వీధిలో అందరికీ అమ్మ కాజాలక్క.

దర్జీలందరిలాగే మా నాన్న కూడా చెప్పిన రోజుకు బట్టలు ఇచ్చిన మనిషి కాదు. ఎవరైనా వచ్చి నిలదీస్తే, "అయిపోయిందండీ, కాజాలొక్కటే మిగిలాయి" అనేవాడు. గుడ్డ అప్పటికింకా కత్తెర మొహం కూడా చూసి ఉండదు. వచ్చినవాళ్ల గొంతు లేచేసరికి అమ్మ పరదా తప్పించుకుని వచ్చేది. "మీరన్నది నిజమేనండీ, నేనైనా అలాగే అరుద్దును" అని మొదలుపెట్టేది. అలా వాళ్ల వైపు చేరిపోయి, వాళ్లతో కలిసి నాన్నను నాలుగు తిట్టి, చివరికి వాళ్ల చేతే "పోనీలెండి, ఎల్లుండి వస్తాం" అనిపించేది.

ఏ మనిషికి ఏ మాట చెప్పాలో అమ్మకు చెయ్యి తిరిగిన పని. కిందపడిన పిల్లాడికి, "ఏదీ, నీ కింద పడి చీమ చచ్చిపోయింది చూడు" అనేది. వాడు చీమను వెతుకుతూ ఏడుపు మరిచిపోయేవాడు. పరీక్ష తప్పినవాడికి, "పోతే పరీక్ష పోయింది, బుర్ర పోలేదుగా" అనేది. జ్వరంతో భయపడేవాళ్లకు "ఏం కాదులే" అనేది. ఆ 'లే'ని కొంచెం సాగదీసి, నెమ్మదిగా కిందికి దించేది, నిద్రపోతున్న బిడ్డను పక్కమీద పడుకోబెట్టినట్టు. కానీ మనిషి పోయిన ఇంట్లో ఆ మాట ఎప్పుడూ అనలేదు. అయిపోయాక ఏం కాదులే అంటే వాళ్లను వెక్కిరించినట్టు ఉంటుందనేది. అక్కడ "ఊరుకో తల్లీ, ఊరుకో" అంటూ తనే ఎక్కువ ఏడ్చేది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. చిన్నప్పుడు అందరి మాటలూ సరిదిద్దేదాన్నట. మా తాతయ్యను కూడా వదలలేదట. అందుకని అమ్మ నన్ను పంతులమ్మా అని పిలిచేది. నా అసలు పేరు బడిలో హాజరు పిలవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఇప్పుడు కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంటాను. కరెంటు పోయిందని ఎవరైనా ఫోను చేస్తే, వివరాలు రాసుకుని, "కంగారు పడకండి, లైన్‌మ్యాన్ బయల్దేరాడు" అని చెప్పాలి. ఆ క్షణాన అతను ఏ స్తంభం మీద ఉన్నాడో నాకు తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి చెబితే అమ్మ సూది పక్కన పెట్టి మరీ నవ్వింది.

"మీ నాన్న కాజాలూ, నీ లైన్‌మ్యానూ ఒకటే జాతి, పంతులమ్మా" అంది.

తరవాత కొన్నాళ్లకు అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో తెలివి వచ్చాక మా ఇద్దరినీ చూసి అమ్మ అన్న మొదటి మాట, "ఏం కాదులే."

నాన్న, నేను ఒకరి చేతులొకరం పట్టుకున్నాం. ఇంత కష్టంలో కూడా మాకే ధైర్యం చెబుతోంది, అమ్మంటే అమ్మే అనుకున్నాం. పెద్ద డాక్టరు వచ్చి ఎలా ఉందమ్మా అని అడిగితే, ఏం కాదులే అంది. ఆయన సంతోషించి, రోగికి ఈ ధైర్యమే సగం మందు అని పక్కనున్న చిన్న డాక్టర్లకు చెప్పాడు. చెయ్యి నొప్పిగా ఉందా అంటే ఏం కాదులే. దుప్పటి కప్పమంటావా అంటే ఏం కాదులే. సాయంత్రానికి అమ్మకు విసుగొచ్చింది. ఎడం చేత్తో మంచం పట్టీని కొడుతూ, కళ్లనిండా నీళ్లతో, "ఏం కాదులే, ఏం కాదులే" అని అరిచింది. అప్పుడు గాని మాకు తెలియలేదు, ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాటేనని. మిగతావన్నీ ఎక్కడో లోపలే ఉండిపోయాయి.

ఇంటికి తీసుకొచ్చాక ఆ ఒక్క మాటతోనే సంసారం నడిచింది. ఆకలికి అదే, కోపానికి అదే, లైటు తీసేయమనడానికి అదే. మాట ఒకటే అయినా పాట వేరుగా ఉండేది. ఆ పాట నాన్నకు తొందరగా పట్టుబడింది. ముందు గదిలో మిషను తొక్కుతూనే వినేవాడు. పొట్టిగా అంటే కిటికీ తెరవమని. మధ్యలో విరిస్తే దిండు జారిందని. సాగదీసి పైకెత్తితే ఎవరో వచ్చారని. "నీకెలా తెలుస్తుంది నాన్నా?" అని అడిగితే, ఇన్నేళ్లలో ఆవిడ చెప్పింది నేనెప్పుడు పూర్తిగా విన్నాను గనక, అప్పుడూ పాటే కదా వినేది అన్నాడు.

ఎదురింటి పిన్ని రోజూ మధ్యాహ్నం వచ్చి అమ్మ దగ్గర కూర్చునేది. బాబాయి పోయి అప్పటికి ఇంకా ఏడాది కాలేదు. ఆమె తన గోడు చెప్పుకునేది. అమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి "ఏం కాదులే" అనేది. మనిషి పోయిన ఇంటికి ఆ మాట తగదని చెప్పిన మనిషే ఆ మాట అంటుంటే, ఇంట్లో ఉన్న రోజుల్లో నాకు పరదా అవతల నిలబడి వినడం కష్టంగా ఉండేది. పిన్ని మాత్రం కళ్లు తుడుచుకుని, తేలికపడి, వస్తా అక్కా అని వెళ్లేది.

నాకు కావలసింది వేరు. అమ్మ నన్ను పంతులమ్మా అని పిలవాలి. ఒక్కసారి చాలు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, పరదా అవతలి నుంచి ఆ పిలుపు రావాలి. ఫోనులో ఎవరి అమ్మో ఎవరినో కేకేయడం వినబడితే చాలు, చేతిలో కలం ఆగిపోయేది.

అందుకే మాటల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె నాకన్నా చిన్నది. కళ్లద్దాల వెనక నుంచి ఓపికగా చూసేది. అమ్మను పరీక్ష చేసి నాకు ఒక పద్ధతి చెప్పింది. అట్టముక్కల మీద బొమ్మలు వేసి చూపించాలి. మాట నోటితో పలికి చూపించాలి. ఆమె ఆ మాట అన్నప్పుడు ఆ వస్తువు వెంటనే చేతికివ్వాలి. "ఏం కాదులే" అంటే మాత్రం పలకకూడదు, ఏదీ ఇవ్వకూడదు. ఆ మాటతో పని జరుగుతున్నంత కాలం కొత్త మాటకు చోటుండదట. అడిగిన మాటకు అడిగిన వస్తువు, అదీ రూలు.

రూలంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం. చదువు రాని ఇంట్లో పుట్టినవాళ్లకు రూలే పెద్దదిక్కు, అది పట్టుకునే ఇంత దూరం వచ్చాం. నాన్న చొక్కాల నమూనాలు కత్తిరించే దళసరి అట్టను ముక్కలు చేసి, మూలలు గుండ్రంగా కోసి ఇచ్చాడు. నేను బొమ్మలు వేశాను. గ్లాసు, దిండు, లైటు, అన్నం పళ్లెం. కాలు పట్టుకున్న మనిషి బొమ్మ నొప్పికి. అడ్డంగా ఊపే చెయ్యి వద్దుకి. మూతి తుడుచుకుంటున్న మనిషి చాలుకి. ఇంకొక అట్ట మీద నా ఫోటో అంటించాను. పేర్లూ పిలుపులూ అన్నిటికన్నా చివర వస్తాయి, తొందరపడకండి అని మాటల డాక్టరు చెప్పింది. ఆ అట్టను అడుగున పెట్టాను.

నాన్నకు రూలు నచ్చలేదు. అమ్మ అలా అనడం, ఆయన మిషను ఆపి కిటికీ తెరవడం, నేను కేకలెయ్యడం రోజూ ఉండేది.

"నాన్నా, నువ్విలా అర్థం చేసుకుంటూ పోతే అమ్మకి ఇక మాటలు రావు."

"అర్థమైంది అర్థం కానట్టు ఉండమంటే ఎలాగే?"

"కొన్నాళ్లు ఓర్చుకో. ఆఫీసులో తెలియంది తెలిసినట్టు నేనుండట్లేదా?"

ఆయన టేపు మెడలో సర్దుకుని ముందు గదిలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అమ్మ పిలిచినప్పుడల్లా మిషను ఇంకా గట్టిగా తొక్కేవాడు, వినబడనట్టు. కుట్లు వంకర పోయి, విప్పి మళ్లీ కుట్టేవాడు.

మొదటి మాట వచ్చిన రోజు బాగా ఎండగా ఉంది. అమ్మ గ్లాసు వైపు చూసి "ఏం కాదులే" అంది. నేను గ్లాసు పట్టుకుని, అట్ట చూపించి, "నీళ్లు" అన్నాను. ఆమె మళ్లీ అదే అంది. నేను మళ్లీ ఇదే అన్నాను. ఆమె గొంతు బతిమాలుడు నుంచి కోపానికి, కోపం నుంచి ఏడుపుకు వెళ్లింది. ముందు గదిలో మిషను ఆగింది. నాన్న చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిన చప్పుడు వినబడింది. అమ్మ నా పెదవుల వైపు చూసింది, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు, ఒక కన్ను కొంచెం మూసి. "నీ... ల్లు" అంది.

గ్లాసు ఆమె నోటికి అందించి, నేను గోడకానుకుని ఏడ్చాను. నాన్న తిరిగొచ్చి విని, ఆ పూటంతా కొలతలకు వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాడు. మా ఆవిడ నీళ్లడిగింది అన్నాడు. ఒకాయన, అడిగితే ఇవ్వరాదూ, దానికి ఊరంతా చాటాలా అని మందలించాడట.

తరవాత ఒక్కొక్కటే వచ్చాయి. వద్దు, నొప్పి, లైటు, చాలు. నేను పిన్నికి కూడా రూలు చెప్పాను. అమ్మ ఏం కాదులే అంటే మీరు పలకొద్దు, తలకూడా ఊపొద్దు అన్నాను.

"నేను ఏడ్చుకోవడానికి వస్తున్నానే అమ్మాయ్. మీ ఇంటికి ఏడవడానికొచ్చినా పరీక్షేనా?" అంది పిన్ని.

అయినా మంచిమనిషి, అమ్మ బాగుకోసమని ఒప్పుకుంది. అమ్మ ఆ మాట అన్నప్పుడు కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. క్రమంగా రావడం తగ్గించింది. ఒకరోజు వీధిలో నన్ను ఆపి, మీ అమ్మ ఇప్పుడు నన్ను చూస్తూనే వద్దు అంటోంది, నీ చదువు బాగా ఒంటబట్టింది అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, అమ్మ నోట ఏం కాదులే విని చాలా రోజులైందని తట్టింది. ఎప్పుడు చివరిసారి అందో గుర్తు రాలేదు. రూలు ఫలించిందని మాటల డాక్టరుకు ఫోను చేసి చెప్పాను. ఆమె మెచ్చుకుంది.

ఆ మెప్పుతో నేను నా ఫోటో ఉన్న అట్ట పైకి తీశాను. రోజూ సాయంత్రం అమ్మ ఎదురుగా కూర్చుని, ఫోటో చూపించి, "పం... తు... లమ్మా" అనేదాన్ని. నన్ను నేనే పిలుచుకోవడం మొదట్లో సిగ్గుగా ఉండేది. అమ్మ ఫోటో చూసేది, నన్ను చూసేది. మొహమంతా వెలుగొచ్చేది. ఎవరో ఆమెకు తెలుసు, అందులో అనుమానం లేదు. పెదవులు కలిపి, 'ప' దగ్గర చాలాసేపు ఆగేది. ఆ ఆగినంతసేపూ నేనూ ఊపిరి ఆపేదాన్ని. చివరికి "నీళ్లు" అనేది. రూలు ప్రకారం నీళ్లు తెచ్చిచ్చేదాన్ని. ఒక్కోసారి తాగేది, ఒక్కోసారి తాగేది కాదు.

ఈమధ్య మాటల డాక్టరు నన్ను ఒక్కదాన్నే రమ్మంది. ఆఫీసులో ఒంటిపూట సెలవు పెట్టి వెళ్లాను. ఆమె అద్దాలు తీసి బల్లమీద పెట్టింది. అలా పెట్టినప్పుడే నాకు సగం తెలిసింది.

"రావలసినవి వచ్చాయండీ. ఇక కొత్తవి రావడం కష్టం. ఉన్నవి జారిపోకుండా చూసుకుందాం" అంది.

ఒక పిలుపు, ఒక్కటే, అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. ఆశ పెట్టుకోవద్దని నేను చెప్పలేను, పెట్టుకోమనీ చెప్పలేను అంది. నేను నా ఫోను గొంతుతో, "ఫరవాలేదండీ, అర్థమైంది, మీరేం బాధపడకండి" అన్నాను. బయటికొచ్చాక ఆ మాట ఎవరికి చెప్పానో అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి దుకాణంలో ఒక పాత ఖాతాదారు నిలబడి ఉన్నాడు. నాన్న అతనితో, "అయిపోయిందండీ, కాజాలొక్కటే మిగిలాయి" అంటున్నాడు. అతను, ఈ మాట నా పెళ్లి చొక్కా నాటి నుంచి వింటున్నాను మేస్త్రీ, ఇప్పుడు మా అబ్బాయికి పెళ్లి అంటున్నాడు. వెనక తీగమీద నాలుగైదు చొక్కాలు వేలాడుతున్నాయి. కాలర్లు, చేతులు, జేబులు అన్నీ అయి ఉన్నాయి. కాజాలొక్కటే లేవు. ఈసారి అది అబద్ధం కాదు. ఇస్త్రీ కూడా అయిపోయిన ఆ చొక్కాలన్నీ రొమ్ము తెరుచుకుని గాలికి ఊగుతున్నాయి.

నాన్న నావైపు చూశాడు. బాగానే ఉందన్నారు నాన్నా అని చెప్పి పరదా దాటాను.

అమ్మ కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఒళ్లో గుండీల డబ్బా. తెల్ల గుండీలు ఒక పక్కకు, రంగువి ఒక పక్కకు ఎడం చేత్తో ఏరుతోంది. వేళ్లకు పని ఉండాలని మేమే ఇచ్చాం. నన్ను చూసి నవ్వింది. నేను కింద కూర్చుని అట్టలు సర్దడం మొదలుపెట్టాను. గ్లాసు, దిండు, లైటు. నా ఫోటో వచ్చింది. దాన్ని అడుగున పెట్టబోయాను. పెట్టలేకపోయాను. అమ్మ మోకాళ్ల మీద తల ఆనించి ఏడ్చాను. ముందు గదిలోకి వినబడకుండా ఏడవాలనుకున్నాను గాని, అది నా చేతిలో లేదు.

గుండీల చప్పుడు ఆగింది. అమ్మ చెయ్యి నా తలమీదికి వచ్చింది.

ఇప్పుడు అంటుంది, అనుకున్నాను. ఇన్నాళ్లు ఏ మాట వినబడితే చెవిటిదానిలా కూర్చున్నానో, ఆ మాట కోసం ఒళ్లంతా చెవులు చేసుకున్నాను. పంతులమ్మా అనకపోయినా ఫరవాలేదు. అది చాలు. అమ్మ నోరు తెరిచింది. వెతుకుతోందని తెలుస్తూనే ఉంది. వంగి నా పెదవుల వైపు చూసింది, పాఠంలో చూసినట్టే. నా పెదవులు ఏడుస్తున్నాయి, వాటిలో ఏ మాటా లేదు.

"నీళ్లు" అంది.

నేను తలెత్తాను.

"నీళ్లూ..." అని మళ్లీ అంది. నా వీపు నిమురుతూ, ఆ చివరి అక్షరాన్ని సాగదీసి, నెమ్మదిగా కిందికి దించింది. అది అదే పాట. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు విన్నది, పిన్ని రోజూ వినిపోయింది. అందులో మాట ఒక్కటే మారింది.

"అమ్మా, ఏం కాదులే అనమ్మా" అన్నాను. "ఏం... కా..."

ఆమె పెదవులు నాతో పాటు కదిలాయి. బాగా కష్టపడింది. మెడ నరాలు లేచాయి. నేను పాఠాలు మొదలుపెట్టకముందు, అడగకుండానే వచ్చిన మాట అది.

"నీళ్లు" అంది, ఓటమి లేకుండా, ప్రేమగా.

పరదా కదిలింది. నాన్న గ్లాసుతో వచ్చాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు. మెడలో టేపు ఒక పక్కకు జారిపోయి ఉంది. అమ్మ అడిగింది, అడిగిన వస్తువు ఇవ్వాలి. ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా ఆ రూలు నేర్చుకున్నది ఆయనే. గ్లాసు అమ్మ చేతికిచ్చాడు.

అమ్మ తాగలేదు. ఎడం చేత్తో దాన్ని నావైపు తోసింది. కొంచెం నా భుజం మీద ఒలికింది.

"నీకేనే" అన్నాడు నాన్న.

తాగాను. అమ్మ నా గొంతు కదలడం చూస్తూ కూర్చుంది. ముందు గది నుంచి ఆ ఖాతాదారు, మేస్త్రీ, రేపు రమ్మంటావా ఎల్లుండా అని పిలుస్తున్నాడు. గ్లాసు ఖాళీ అయింది.

"చాలు?" అని అడిగింది అమ్మ.

ఆ మాటను అడగడానికి వాడొచ్చని నేను నేర్పలేదు. గ్లాసు ఆమె చేతిలో పెట్టి, ఇంకొంచెం అన్నాను.